మునగాకు, కరక్కాయ పులియబెడితే యాంటీఆక్సిడెంట్లు నిజంగా పెరుగుతాయా?

మీ ప్రశ్న ముందు నా మాటల్లో మళ్ళీ రాస్తాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా తెలియాలి కదా. మీరు విజయవాడలో ఇంటి దగ్గరే మునగాకు, ఉసిరి, కరక్కాయ, తులసి పొడులు చేసి అమ్ముతున్నారు. ఏదో వీడియోలో "పులియబెడితే యాంటీఆక్సిడెంట్లు పది రెట్లు" అని విన్నారు. అది నిజమేనా, నిజమైతే ఏ మొక్క, ఏ బ్యాక్టీరియా, ఎన్ని రోజులు, పెరుగు తేట వేస్తే చాలదా, తయారైంది సీసాల్లో పోసి అమ్మొచ్చా, ఇదీ మీరడిగింది.

సూటిగా చెప్పేస్తా. పెరుగుతుంది, కానీ అన్ని మొక్కల్లో కాదు, ఎన్ని రోజులుంచితే అంత అనీ కాదు, పది రెట్లు అన్న మాట పక్కన పెట్టేయండి. మీ నాలుగింటిలో మునగాకు, కరక్కాయ పనికొస్తాయి. ఉసిరికి పెద్ద లాభం లేదు, తులసి జోలికి అసలు వెళ్ళకండి. పెరుగు తేట కాదు, వేరే తోడు కావాలి. అమ్మకం సంగతి చివర్లో చెప్తా, అది ఇంకో గొడవ.

నేను గుంటూరులో డిగ్రీ పిల్లలకి మైక్రోబయాలజీ చెప్తాను, పద్దెనిమిదేళ్ళయింది. ప్రతి ఏడూ ఫైనలియర్ ప్రాజెక్టుల టైమ్‌లో కనీసం ఇద్దరు ముగ్గురు ఇదే టాపిక్ పట్టుకొస్తారు, కాబట్టి జాడీలు చాలా చూశాను, పారబోసినవి ఇంకా ఎక్కువ చూశాను.

అసలు లోపల ఏం జరుగుతుందంటే, ఆకుల్లో కాయల్లో ఉండే పాలీఫినాల్స్ (మనం యాంటీఆక్సిడెంట్లు అనేవాటిలో ముఖ్యమైనవి ఇవే) చాలావరకు విడిగా ఉండవు. కొన్ని చక్కెరకి అతుక్కుని ఉంటాయి (మునగాకులో క్వెర్సెటిన్, కెంఫెరాల్ అనేవి ఎక్కువగా ఇలాగే ఉంటాయి), కొన్ని ఆకు కణాల గోడల్లో పీచుకి అంటుకుని ఉంటాయి, కొన్ని కరక్కాయలో లాగా వగరునిచ్చే పెద్ద పెద్ద టానిన్ ముద్దలుగా ఉంటాయి. కొట్టంలో కట్టేసిన గేదెలనుకోండి. బ్యాక్టీరియా తన తిండి కోసం, అంటే ఆ చక్కెర కోసం, కొన్ని ఎంజైములు వదుల్తుంది. బీటా గ్లూకోసిడేజ్ చక్కెర ముడి విప్పుతుంది, ఎస్టరేజ్‌లు గోడకున్న ముడి విప్పుతాయి, టానేజ్ అనేది టానిన్‌ని చీల్చి గాలిక్ ఆమ్లం బయటికి తెస్తుంది. దానికి తోడు ఆకు మెత్తబడి, నీళ్ళలోకి దిగనివి కూడా దిగుతాయి. అంతే. అంటే కొత్తగా గేదెలు పుట్టలేదు, కట్లు విప్పారు, మీరు లెక్కపెట్టేటప్పుడు ఇప్పుడు కనపడుతున్నాయి. సోయాలో డైడ్జిన్, జెనిస్టిన్ పులిస్తే డైడ్జీన్, జెనిస్టీన్ అవ్వడం, కొరియావాళ్ళు జిన్సెంగ్ పులియబెట్టి కాంపౌండ్ కె అనేది రాబట్టడం, అన్నిటి వెనకా ఇదే కథ.

మన దగ్గర ఇది కొత్త కూడా కాదు. ఆసవాలు, అరిష్టాలు అంటే అవేగా. కషాయం కాచి చేస్తే అరిష్టం, కాచకుండా చేస్తే ఆసవం, బెల్లమో తేనెనో వేసి ధాతకీ పువ్వులు కలిపి మూతకి గుడ్డ చుట్టి మట్టి మెత్తి నెల రోజులు కదలకుండా పెట్టేవాళ్ళు. ఆ పువ్వుల మీద ఈస్టు ఉంటుంది, అదే తోడు. అయితే అక్కడ పని చేసేది ఎక్కువగా ఈస్టు కాబట్టి సారాయి పుడుతుంది, మామూలుగా 5 నుంచి 10 శాతం దాకా. మీరు చేయాలనుకునేది ల్యాక్టిక్ పులుపు, అంటే పెరుగులో లాగా బ్యాక్టీరియా తెచ్చే పులుపు, అది వేరే దారి. కానీ ఒక విషయం మాత్రం ఆ దారిలోనే బాగా తేలింది. కరక్కాయతో చేసే అభయారిష్టం పులిసేటప్పుడు చూస్తే చెబులాజిక్, చెబులినిక్ ఆమ్లాలు తగ్గిపోయి చెబులిక్, ఎలాజిక్ ఆమ్లాలు పెరిగాయి. పెద్దవి విరిగి చిన్నవయ్యాయన్నమాట.

ఇక్కడ చిన్న పక్కదారి. మన ఆవకాయ, మాగాయ పులిసినవే కదండీ అని క్లాసులో ప్రతి బ్యాచ్‌లో ఒకరు అడుగుతారు. అవి ఊరతాయి, పులవవు. అంత ఉప్పు, అంత నూనె, అంత కారం మధ్య ల్యాక్టిక్ బ్యాక్టీరియా పెద్దగా పెరగలేదు, ఆ పులుపు మామిడికాయదే. మనింట్లో నిజంగా పులిసేవి అంటే తరవాణి, ఇడ్లీ పిండి, పెరుగు. చద్దన్నం కుండ పట్టుకుని పెరిగినవాళ్ళకి ఇదంతా సగం తెలిసిన విద్యే.

మునగాకు సంగతి చెప్తా, ఎందుకంటే మీరు ఎక్కువ అమ్మేది అదే అన్నారు, నేను ఎక్కువ దెబ్బతిన్నదీ దాంట్లోనే. నాలుగైదేళ్ళ క్రితం ఒక పిల్ల ప్రాజెక్టు రిజల్ట్ తెచ్చింది, పులిసిన మునగాకులో ఫినాల్స్ అమాంతం పెరిగిపోయాయి, గ్రాఫు చూస్తే కొబ్బరి చెట్టులా నిటారుగా ఉంది. నాకూ సంతోషమేసింది, కాదనను. తర్వాత కూర్చుని చూస్తే తను వాడింది ఫోలిన్ పరీక్ష, ఫినాల్స్ కొలవడానికి మామూలుగా వాడేది. ఆ ఫోలిన్ ద్రావణం ఫినాల్ కనపడితేనే నీలం అవుతుందా అంటే కాదు, విటమిన్ సి కనపడినా అవుతుంది, కొన్ని చక్కెరలకీ అవుతుంది, ప్రోటీన్ ముక్కలకీ అవుతుంది. ప్రోటీన్ కొలిచే లౌరీ పద్ధతిలో వాడేది కూడా ఆ ఫోలిన్నే మరి! ఎండు మునగాకులో దాదాపు పాతిక శాతం ప్రోటీన్ ఉంటుంది. పులిసినప్పుడు ఆ ప్రోటీన్ ముక్కలై నీళ్ళలోకి దిగింది, ఫోలిన్ దాన్ని కూడా ఫినాల్ కిందే లెక్కేసింది. మా పిల్ల గ్రాఫులో ఎంత ఫినాల్, ఎంత ప్రోటీన్ అని విడదీసి చెప్పలేని పరిస్థితి.

అది ఒక తప్పు. రెండోది ఇంకా పెద్దది, కంట్రోల్ జాడీ పెట్టలేదు. పులిసిన దాన్ని దేనితో పోల్చింది? ఎండు పొడిని అప్పటికప్పుడు నీళ్ళలో కలిపి వడకట్టిన దానితో. ఒకటేమో రెండ్రోజులు నీళ్ళలో నానింది, ఇంకోటి పది నిమిషాలు నానింది. టీ ఆకు కూడా రెండ్రోజులు నానబెడితే ఎక్కువ దిగుతుంది కదా, దానికి బ్యాక్టీరియా ఎందుకు? మూడో ఏమరపాటు, లెక్క. పులిసేటప్పుడు చక్కెరలు బ్యాక్టీరియా తినేస్తుంది, గ్యాస్‌గా కొంత పోతుంది, మొత్తం ఘన పదార్థం తగ్గుతుంది, అందుకని "గ్రాముకి ఇంత" అని రాస్తే అసలేం మారకపోయినా పెరిగినట్టే కనిపిస్తుంది. మొదట ఎంత పొడి వేశామో ఆ గ్రాముకి లెక్క కట్టాలి.

మళ్ళీ చేయించాను, ఈసారి మూడు జాడీలు. ఒకటి తోడు వేసింది. రెండోది తోడు లేకుండా అదే పొడి, అవే నీళ్ళు, అదే కాచడం, తర్వాత ఫ్రిజ్‌లో. మూడోది తోడు లేకుండానే ల్యాక్టిక్ ఆమ్లం చుక్కలు వేసి పులుపు సమానం చేసి పెట్టింది. మూడోది ఎందుకంటే ఒట్టి పులుపు వల్లే కొన్ని పదార్థాలు ఎక్కువ దిగుతాయి, కొన్ని పరీక్షల్లో అంకె కూడా పులుపుని బట్టి కదుల్తుంది. ఈసారి పెరుగుదల కనపడింది, కానీ గ్రాఫు కొబ్బరి చెట్టు కాదు, మునగ మొక్క, అది కూడా నాటిన కొత్తలో. మీరు ఎవరి రిజల్ట్ చూసినా ముందు అడగాల్సింది "దేనితో పోల్చారు" అనే. వీడియోల్లో అది చెప్పరు.

పరీక్ష గురించి కూడా రెండు ముక్కలు, ఎందుకంటే మీరు రేపు ల్యాబ్‌కి శాంపిల్ ఇస్తే వాళ్ళు డీపీపీహెచ్ అని రాసిస్తారు, యాంటీఆక్సిడెంట్ బలం కొలిచే పరీక్ష అది. 1958లో బ్లోయిస్ అనే ఆయన చెప్పిన పద్ధతి. చూడ్డానికి భలే ఉంటుంది, మెథనాల్‌లో కలిపిన డీపీపీహెచ్ ముదురు ఊదా రంగులో ఉంటుంది, మీ కషాయం చుక్క పడి అరగంట చీకట్లో ఉంచితే పసుపులోకి దిగుతుంది. 517 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. అరగంట కాకముందే చూడాలని పిల్లలు అల్మారా తలుపు తీసి తొంగిచూస్తూ ఉంటారు, తిట్టీ తిట్టీ అలిసిపోయాను. ఇందులో ఐసీ 50 అని ఒక అంకె ఇస్తారు, సగం పని జరగడానికి ఎంత శాంపిల్ కావాలో చెప్పేది, అది ఎంత తక్కువుంటే అంత మంచిది, ఎక్కువుంటే గొప్ప అనుకుని ప్యాకెట్ మీద వేసుకున్నవాళ్ళని చూశాను. ఇంకో సంగతి, పులిసిన ద్రావణానికి సొంత రంగు ఉంటుంది, ముదురు గోధుమ రంగు, అది కూడా 517 దగ్గర వెలుతురు మింగుతుంది, కాబట్టి డీపీపీహెచ్ లేకుండా ఒట్టి శాంపిల్ రంగు కూడా కొలిచి తీసేయాలి. ఒక్క పరీక్ష నమ్మొద్దు, ఏబీటీఎస్ గానీ ఫ్రాప్ గానీ, ఇలాంటి పరీక్షలే అవీ, తోడుగా చేయించండి, అన్నీ ఒకే వైపు చూపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం. ఇంకా నిజం తెలియాలంటే పదార్థాల్ని విడదీసి చూపే పరీక్ష హెచ్‌పీఎల్‌సీ, ఏ పదార్థం తగ్గింది ఏది పెరిగింది అని పేరు పెట్టి చెప్తుంది, ఖర్చు ఎక్కువ గానీ ఒక్కసారైనా చేయించాల్సిందే.

సరే, ఇప్పుడు కరక్కాయ. నాకు ఇష్టమైనది. టానిన్ అంటే వగరు కాబట్టి ఇందులో మార్పు మెషిన్ లేకుండా నాలుక మీదే తెలుస్తుంది. గింజ తీసేసి బెరడు దంచి, కాచి చల్లార్చి, కాస్త బెల్లం వేసి ప్లాంటారమ్ (ఒక ల్యాక్టిక్ బ్యాక్టీరియా, దాని సంగతి కింద చెప్తా) తోడు వేశాం. మొదటి రోజు చెంచా కొనతో నాలుకకి రాసుకుంటే నోరు మొత్తం బిగుసుకుపోయి గరుకు కాగితం నాకినట్టు, మాట కూడా సరిగ్గా రాలేదు. మూడో రోజుకి (పీహెచ్ అంటే పులుపు కొలిచే అంకె, ఎంత తగ్గితే అంత పులుపు, అది 3.7 చూసుకున్నాకే నాలుక మీద వేసుకున్నా, మీరూ అంతే చేయండి) ముందు పులుపు తగిలి, వగరు వెనక్కి జరిగింది, గొంతు దగ్గర మాత్రం కాస్త పట్టింది. మా అత్తయ్య వచ్చి ఒక చుక్క వేసుకుని "ఇదేం కరక్కాయే, దీనికంటే మా ఊళ్ళో చింతకాయ నయం" అనేసింది. అంటే టానేజ్ పని చేసిందన్నమాట! చిక్కగా మాత్రం వేయకండి. టానిన్ బ్యాక్టీరియా ప్రోటీన్లకి కూడా పట్టేసుకుంటుంది, మరీ చిక్కగా ఉంటే తోడు కదలదు. లీటరు నీళ్ళకి ఇరవై ముప్పై గ్రాములు దాటొద్దు.

కానీ ఇక్కడే ఒక గొయ్యి ఉంది, దీని గురించి వీడియోల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. ప్లాంటారమ్ టానిన్‌ని విరిచి గాలిక్ ఆమ్లం చేశాక ఆగదు, రోజులు గడిస్తే ఆ గాలిక్ ఆమ్లాన్ని కూడా విరిచి పైరోగాలాల్ చేస్తుంది. ఆ పైరోగాలాల్ డీపీపీహెచ్ పరీక్షలో అద్భుతంగా రంగు దింపుతుంది, మీ అంకె బ్రహ్మాండంగా వస్తుంది, ల్యాబ్‌వాళ్ళు శభాష్ అంటారు. కానీ పైరోగాలాల్ తాగాల్సిన సరుకు కాదు, ఎక్కువైతే విషం, పైగా గాలి తగిలితే తానే సూపర్ ఆక్సైడ్ పుట్టిస్తుంది, యాంటీఆక్సిడెంట్లు ఆపాల్సిన చెడు సరుకే అది. మేం ఎస్ఓడీ (సూపర్ ఆక్సైడ్‌ని విరిచే ఎంజైమ్) కొలవడానికి ల్యాబ్‌లో దాన్ని వాడేది ఆ గుణం కోసమే. అంటే యాంటీఆక్సిడెంట్ అంకె పెరుగుతూనే ఉంది, సీసాలో ఉన్నది మాత్రం మీకు కావాల్సింది కాదు. అందుకే ఎక్కువ రోజులు పులిస్తే ఎక్కువ మంచిది అనేది తప్పు. కరక్కాయని నేను మూడో రోజు దాటనివ్వను, చల్లబరిచి ఆపేస్తా. ఇలాంటిదే మొక్కల్లో ఉండే ఫెరులిక్ ఆమ్లంతో కూడా ఉంది, దాన్ని ఈ బ్యాక్టీరియా వినైల్ గయకాల్ చేసేస్తుంది, అప్పుడు వాసన మారిపోతుంది, లవంగం కాల్చినట్టు కాస్త పొగ వాసన. ఆ వాసన వస్తే ఆలస్యమైందని లెక్క.

ఉసిరి త్వరగా ముగిస్తా. దాంట్లో విటమిన్ సి, టానిన్లు ఇప్పటికే బోలెడు, ఉసిరి పచ్చిగానే పుల్లగా ఉంటుంది, పులియబెట్టి మీరు తెచ్చే లాభం కంటే కొయ్యడంలో, గాలి తగలడంలో పోయే విటమిన్ సి ఎక్కువ. తినాలంటే అలాగే తినండి.

తులసి. ఇది మా దగ్గర మూడుసార్లు ఓడిపోయింది. తులసిలో యూజినాల్ ఉంటుంది, లవంగంలో ఉండేదే, అది సూక్ష్మజీవుల్ని చంపుతుందనే కదా మనం తులసి వాడేది. మరి మన తోడు కూడా సూక్ష్మజీవే! పీహెచ్ 6 దగ్గరే కూర్చుంది, రెండో రోజు, మూడో రోజు, కదల్లేదు. నాలుగో రోజుకి పైన తెల్లటి ముడతల పొర కట్టింది, మీగడలా ఉందని ఒకబ్బాయి మురిసిపోయాడు, పారబోయించాను. వేపాకుతో కూడా ఇదే తంతు. పులుపు దిగకుండా రోజుల తరబడి గాలి లేకుండా నిలవున్న ద్రవం అంటే ఏవేవో పెరగడానికి మనమే పీట వేసినట్టు.

పద్ధతికి వస్తే, మీ దగ్గర ఉన్నది పొడి కాబట్టి పచ్చాకు పద్ధతి చెప్పను. ఎండు పొడిలో మంచి ల్యాక్టిక్ బ్యాక్టీరియా దాదాపు ఉండదు, మొండి స్పోర్లు (వేడిని కూడా తట్టుకునే, విత్తనాల్లాంటి బ్యాక్టీరియా రూపాలు) మాత్రం ఉంటాయి, కాబట్టి "దానంతటదే పులుస్తుంది" అని వదిలేస్తే ఏది గెలుస్తుందో చెప్పలేం. మునగాకు పొడి ఒక పాలు, నీళ్ళు పది పాళ్ళు, స్టవ్ మీద 90 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచండి, కుతకుత మరగనవసరం లేదు. ఈ వేడికి స్పోర్లు చావవు, మిగతావి తగ్గుతాయి, ఆకు మెత్తబడుతుంది, రంగు నల్లబరిచే ఆకు ఎంజైములు ఆగిపోతాయి. మూత పెట్టి చల్లారనివ్వండి, చెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా అనిపించకూడదు. లీటరుకి ఇరవై ముప్పై గ్రాముల బెల్లం, ఎందుకంటే మునగాకులో బ్యాక్టీరియా తినే చక్కెర తక్కువ, ప్రోటీన్ ఏమో పులుపుని మింగేస్తూ ఉంటుంది, పీహెచ్ తొందరగా దిగదు. బెల్లం లేకుండా చేసి "నాకు పులవలేదండీ" అని మెసేజ్ పెట్టేవాళ్ళు చాలామంది.

తోడు. పెరుగు తేట ఎందుకు వద్దన్నానంటే పెరుగు బ్యాక్టీరియా పాలకి అలవాటు పడ్డది, పాలల్లో చక్కెర తింటుంది, ఆకుల రసంలో దానికి దిక్కు తోచదు. కొంచెం పులుస్తుంది, ఆగిపోతుంది, పైగా దాంట్లో టానేజ్ లాంటివి ఉంటాయన్న భరోసా లేదు. మీకు కావాల్సింది లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్. 2020లో లాక్టోబాసిల్లస్ కుటుంబాన్ని ముక్కలు చేసి పేర్లు మార్చారు, ఇప్పుడు దీన్ని లాక్టీప్లాంటిబాసిల్లస్ ప్లాంటారమ్ అనాలి, ప్యాకెట్ల మీద రెండు పేర్లూ కనిపిస్తాయి, కంగారు పడకండి, అదే ఇది. స్టార్టర్ కల్చర్ పొడిగా దొరుకుతుంది. దాన్ని ముందు కొంచెం బెల్లం నీళ్ళలో ఒక రోజు లేపి, ఆ లేచిన తోడు లీటరుకి ఇరవై నుంచి యాభై మిల్లీలీటర్లు వేయండి. కొనడం కుదరకపోతే క్యాబేజీ, క్యారెట్ ముక్కలు రెండు శాతం ఉప్పు నీళ్ళలో వారం పాటు పులియబెట్టి, బాగా పుల్లగా అయ్యాక ఆ నీళ్ళు తోడుగా వాడొచ్చు. ఇంటి ప్రయోగానికి సరిపోతుంది, అమ్మే సరుక్కి మాత్రం వద్దు, ప్రతిసారీ ఒకేలా రాదు.

జాడీ నీడలో, 30 నుంచి 37 డిగ్రీల మధ్య. ఇదే మన ఊళ్ళ సమస్య. జనవరిలో గుంటూరులో చేసిన బ్యాచ్‌కి, మే నెలలో విజయవాడలో చేసే బ్యాచ్‌కి పోలికే ఉండదు, మే నెల మధ్యాహ్నం రేకుల గదిలో పెట్టారంటే లోపల నలభై దాటిపోతుంది, ప్లాంటారమ్ ఆ వేడిలో నీరసించిపోయి వేరేవి తల ఎత్తుతాయి. థర్మాకోల్ పెట్టెలో చల్లటి నీళ్ళ సీసా పక్కన పెట్టి నెట్టుకొస్తాం మేమైతే. వేసవిలో ఇంకో అనుభవం, ఎవరు చేశారో చెప్పను గానీ మా ఇంట్లోనే, ఉసిరికాయ బెల్లం రసం బిరడా బిగించిన గాజు సీసాలో పోసి వంటింటి అటక మీద పెడితే రాత్రి రెండింటికి టపాసు పేలినట్టు పేలింది, గోడ మీద గోధుమ రంగు మరకలు సున్నం వేసేదాకా పోలేదు. బెల్లం ఉన్నచోట ఈస్టు చేరుతుంది, గ్యాస్ పుడుతుంది. గ్యాస్ బయటికి పోయే మూత వాడండి, లేదా రోజుకి రెండుసార్లు మూత వదులు చేయండి.

ఒక్క అంకె గుర్తు పెట్టుకోండి: పీహెచ్ 4.6. దాని కింద ఉంటే బొటులినమ్ అనే ప్రాణం తీసే విషం చేసే బ్యాక్టీరియా పెరగదు, పైన ఉంటే పెరగొచ్చు. నేను ఇంకా గట్టిగా ఉంటాను, 48 గంటల్లో 4కి దిగకపోతే ఆ బ్యాచ్ పారబోస్తా, ఎంత ఖరీదైన పొడి అయినా సరే. పీహెచ్ కాగితాలు ఈ రంగు ద్రావణాల్లో మోసం చేస్తాయి, ముదురు పచ్చలో కాగితం ఏ రంగుకి తిరిగిందో ఎవరు చెప్పగలరు, చిన్న డిజిటల్ మీటర్ కొనుక్కోండి, పీహెచ్ 4, 7 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాలతో వారానికోసారి సరిచేసుకోండి. మునగాకు రెండు రోజులు, మహా అయితే మూడు. తర్వాత వడకట్టి ఫ్రిజ్.

సరుకు కొనేటప్పుడు ముక్కు వాడండి. ఒకసారి విజయవాడ వన్‌టౌన్‌లో ఒక మూలికల కొట్లో కరక్కాయ కొన్నాం, ఇంటికొచ్చి పగలగొడితే లోపల బూడిద రంగు బూజు. కొట్టువాడు "కడిగి ఎండబెట్టండి, పులియబెడతారు కదా, పోతుంది" అన్నాడు. పోదు. బూజు పోయినా అది వదిలిన విషం ఉంటుంది, పులుపు దాన్ని కడిగేస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

ఇక ఒంటికి ఏం లాభం అన్నది. ఇక్కడ మీకు నచ్చని మాట చెప్పాలి. గాజు గొట్టంలో రంగు దిగడానికీ, మనిషి ఒంట్లో జరిగేదానికీ మధ్య చాలా దూరం. అమెరికా వ్యవసాయ శాఖ అప్పట్లో ఆహారాల యాంటీఆక్సిడెంట్ అంకెలతో ఓరాక్ అని పెద్ద పట్టిక పెట్టింది, ఆ అంకెలకి ఆరోగ్యంతో సంబంధం తేలలేదు, కంపెనీలు ప్రకటనలకి వాడుకుంటున్నాయి అని 2012లో వాళ్ళే తీసేశారు. ముడి విప్పితే ఒంటబడుతుంది అనేది కూడా ఎప్పుడూ నిజం కాదు. ఉల్లిపాయలో క్వెర్సెటిన్ గ్లూకోజ్‌కి అతుక్కుని ఉన్నప్పుడే, విడిగా ఉన్నదానికంటే బాగా ఒంటబడుతుందని మనుషుల మీద చూశారు. అదే రుటిన్ రూపంలో, అంటే ఇంకో రకం చక్కెర జతకి అతుక్కుని ఉంటే తక్కువ. ఏ చక్కెరకి అతుక్కుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి పులిసిన మునగాకు నీళ్ళు తాగండి, బాగుంటుంది, దానితో షుగర్ తగ్గుతుంది, క్యాన్సర్ రాదు అని మాత్రం సీసా మీద రాయకండి. షుగర్ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ఇలాంటివి మొదలుపెట్టకూడదు. ఆకే కదా, ఏం చేస్తుందిలే అనుకోవద్దు. కరోనా టైమ్‌లో తిప్పతీగ తెగ తాగినవాళ్ళలో కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులు 2021లో ముంబై డాక్టర్లు రాశారు, ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, వాదన నడిచింది. ఎవరిది రైటో పక్కన పెడితే, పులియబెట్టడం అంటే ఆకులో ఉన్నదాన్ని ఇంకా బయటికి తీయడం, మంచి వస్తే చెడు కూడా వస్తుంది.

అమ్మకం. పొడి అమ్మడం వేరు, పులిసిన ద్రవం అమ్మడం వేరు. ఆహారంగా అమ్మాలంటే మీ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్‌లో ఆ రకం సరుకు ఉండాలి, రోగం తగ్గుతుందని రాయడం కుదరదు. అరిష్టం, ఆసవం అని పేరు పెట్టారంటే అది మందు, ఆయుష్ డ్రగ్ లైసెన్స్ కావాలి, వంటింట్లో చేసి అమ్మే విషయం కాదు. ద్రవంలో బెల్లం మిగిలి ఉంటే సీసాలో కూడా పులుస్తూనే ఉంటుంది, కొంచెం సారాయి పుట్టొచ్చు, చిన్నపిల్లలున్న ఇంటికి అమ్మి తర్వాత ఇబ్బంది పడొద్దు. నన్నడిగితే ఆర్నెల్లు మీ ఇంటివాళ్ళకే చేసుకోండి, ప్రతి బ్యాచ్‌కీ తేదీ, గది వేడి, పీహెచ్ ఒక నోట్‌బుక్‌లో రాయండి, పది బ్యాచ్‌లు ఒకేలా వచ్చాక అమ్మకం ఆలోచన చేయండి.

కొంబుచా తల్లితో (తీపి టీని పులియబెట్టే మందపాటి పొర లాంటి తోడు) చేయొచ్చా అని కింద ఇంకొకాయన అడిగారు. చేయొచ్చు, కానీ అందులో ఉండేది ఈస్టు, ఎసిటిక్ బ్యాక్టీరియా, గాలి కావాలి దానికి, గాలి తగిలితే మన పాలీఫినాల్స్ కొన్ని ఆక్సిడైజ్ అవుతాయి, ఇది వేరే లెక్క. అన్నట్టు టీ పొడికి "ఫెర్మెంటేషన్" అంటారు గానీ అందులో సూక్ష్మజీవుల పాత్ర పెద్దగా లేదు, ఆకులోని ఎంజైమే గాలితో కలిసి నల్లబరుస్తుంది, దాన్ని దీనితో కలపకండి.

మీరు ఒకటి చెప్పలేదు. మీ మునగాకు ఎండలో ఎండబెడుతున్నారా నీడలోనా, ఎండిన ఆకు రంగు ఎలా ఉంది? ఎండలో పెట్టి గడ్డి రంగుకి వచ్చేసిన ఆకైతే పైన చెప్పిందంతా చేసినా పెద్దగా రాదు, ముందు అది సరిచేసుకుని, ఒక గుప్పెడు నీడాకుతో మూడు జాడీలు పెట్టి చూడండి. పీహెచ్ రీడింగులు ఇక్కడే రాయండి, చూస్తా.